నీళ్లు లేని బ్యాటరీ

మా తమ్ముడికి కారు పిచ్చి. ముద్దుగా అంటున్నాననుకునేరు, కాదు. బేగంపేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఏడాదికో ప్రమోషన్. ఆ రోజుల్లో వాడిలాంటి కుర్రాళ్లంతా ఊరి చివర ప్లాట్లు కొనుక్కుంటుంటే, మావాడు ఇద్దరు మాత్రమే పట్టే ఎర్రటి స్పోర్ట్స్ కారు, సెకండ్ హ్యాండ్‌ది, బెంగళూరు నుంచి తోలుకొచ్చాడు. సైనిక్‌పురి స్పీడ్ బ్రేకర్ల మీద దాని పొట్ట గీసుకుపోయే చప్పుడుకు వీధంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

మేమిద్దరం విజయనగరం నుంచి వచ్చి ఒక రిటైర్డ్ మిలిటరీ ఆయన ఇంట్లో మేడ మీద అద్దెకుండేవాళ్లం. కింద ఆయన, ఆయన భార్య. పిల్లలు లేరు. ఆయన ఆర్మీలో లారీలకు, జీపులకు కరెంటు పని చూసినవాడు. మేం అంకుల్ అనేవాళ్లం. ఆంటీకి పక్షవాతం వచ్చి ఎడమవైపు పూర్తిగా పడిపోయింది. మంచం దిగాలన్నా, బాత్‌రూమ్‌కు వెళ్లాలన్నా అంకులే ఎత్తాలి. చంకల కింద చేతులు పోనిచ్చి, ఆమె తలను తన భుజానికి ఆనించుకుని ఒక్క ఊపులో లేపేవారు. ఒకసారి ఆయన ఊళ్లో లేనప్పుడు నేనూ తమ్ముడూ ఆ పని చేయబోయి, ఇద్దరం కలిసి కూడా చేతకాక ఆమెను ఏడిపించాం. ఆ రెండు చేతులు లేకపోతే ఆమె బతుకు ఆ మంచం మీదే ఆగిపోతుందని నాకు ఆ రోజే అర్థమైంది.

కారు బరువు తగ్గించాలన్నది మావాడి జపం. స్టెప్నీ తీసేశాడు, వెనకున్న కార్పెట్లు పీకేశాడు. "నువ్వు తినడం తగ్గించు, అదే చాలు" అంటే వినిపించుకోలేదు. చివరికి లిథియం బ్యాటరీ ఒకటి తెప్పించాడు. లోపలున్న పాత సీసం బ్యాటరీని దించడానికి వాడు ఆపసోపాలు పడ్డాడు. దాని బదులు వచ్చింది చూస్తే ఖాళీ స్వీట్ డబ్బాలా ఉంది. "అక్కా, ఒంటిచేత్తో ఎత్తి చూడు" అన్నాడు. ఎత్తాను. ఎందుకో ఆ తేలికతనం నాకు నచ్చలేదు. అంత పని చేసే వస్తువు అంత తేలిగ్గా ఉండకూడదనిపించింది. అదే మాట అంటే పల్లెటూరి దాన్నన్నాడు.

అంకుల్ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశారు.

"ఏందిది, నీళ్ల సప్పుడే లేదు. గిది బ్యాటరీయేనా?"

"ఇందులో నీళ్లుండవంకుల్. కొత్త రకం. దీనికి మెయింటెనెన్సే అక్కర్లేదు" అన్నాడు మా తమ్ముడు, అదేదో తనే కనిపెట్టినట్టు. దానికి వేరే ఛార్జర్ కావాలని, మామూలుది తగిలించకూడదని వాడికి తెలుసు. చెప్పలేదు. గొప్పలు చెప్పుకునేటప్పుడు ఇలాంటివి నోటికి రావు.

అంకుల్‌కు ఆర్మీ రోజుల నాటి ఇనప ఛార్జర్ ఒకటి ఉండేది. ఎత్తితే నడుం పట్టేసేది. దానికి మీటరు లేదు, దానంతటది ఆగేదీ కాదు. ఆయన చెవే మీటరు. బ్యాటరీ మూతలు విప్పి చెవి వంచి వినేవారు. లోపల నీళ్లు సన్నగా కుతకుతమన్నాయంటే ఛార్జింగ్ నిండినట్టు. "అన్నం లెక్కనే బిడ్డా. ఉడికినంక సప్పుడే చెప్తది" అనేవారు. ఎండాకాలం కరెంటు కోతల్లో వీధివాళ్లంతా తమ ఇన్వర్టర్ బ్యాటరీలను ఆయన దగ్గరికే మోసుకొచ్చేవారు. ఒక్కటి కూడా ఆయన చేతిలో పాడవలేదు. ఎవరిచేతా పైసా తీసుకునేవారు కాదు, టీ తాగించి పంపేవారు.

ఆ వేసవిలో తమ్ముణ్ణి ఆఫీసు వాళ్లు పుణె పంపారు. వారం అన్నది సాగుతూ పోయింది. కారు గేటు లోపల కవరు కింద పడి ఉంది. అంకుల్ రోజూ పొద్దున దాన్ని తుడిచి, కాసేపు స్టార్ట్ చేసి ఆపేవారు. ఒక శనివారం అది పలకలేదు. పిల్లవాడు తిరిగొచ్చేసరికి సిద్ధంగా ఉండాలని ఆయనే బ్యాటరీ విప్పి లోపలికి తీసుకెళ్లారు. మామూలుగా ఛార్జింగ్ పనంతా పెరట్లో రేకుల షెడ్డు కింద జరిగేది. కానీ అప్పుడు ఆంటీకి జ్వరం. ఆమెను వదిలి కదలడం ఇష్టంలేక ఛార్జర్‌ను ఆమె గదిలోకే ఈడ్చుకొచ్చారు. నేల మీద పెడితే బ్యాటరీ దిగిపోతుందని ఆయన నమ్మకం, అందుకని మంచం పక్కన చెక్క పీట వేసి దాని మీద పెట్టారు.

ఆ సాయంత్రమంతా ఛార్జర్ మోత నా గది నేలలోంచి వినిపిస్తూనే ఉంది. విసుగనిపించింది గానీ, కిందికి వెళ్లి అడగలేదు.

ఆదివారం పొద్దున ఇడ్లీలు పట్టుకుని కిందికి వెళ్లేసరికి అంకుల్ పీట పక్కన గొంతుక్కూర్చుని, చెవి ఆ పెట్టెకు ఆనించి ఉన్నారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇంకా ఉడుకుతలేదు బిడ్డా. గింత పెట్టెకు గింత సేపా?"

గదిలో గోళ్ల రంగు సీసా ఒలికినట్టు తియ్యటి వాసన. ఆంటీ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. "జెర తీసెయ్ రాదు. తల తిరుగుతున్నది" అంది. "ఇంకింత సేపు" అన్నారాయన. నేను వంగి చూశాను. పెట్టె పక్కలు పూరీలా ఉబ్బి ఉన్నాయి. ఉడకడానికి అందులో నీళ్లే లేవని, ఆయన రాత్రంతా ఎప్పటికీ రాని చప్పుడు కోసం కూర్చున్నారని అప్పుడు తట్టింది.

వరండాలోకి వచ్చి తమ్ముడికి ఫోన్ చేశాను. నేను చెప్పిందంతా వాడు విన్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"అక్కా, ముందు ఆంటీని బయటికి తీసుకొచ్చీ. ఫోన్ పెట్టీ."

వాడు అంత నెమ్మదిగా మాట్లాడటం నేనెన్నడూ వినలేదు. నేను ఫోన్ చెవి నుంచి తీస్తుండగానే లోపల్నుంచి అంకుల్ గొంతు వినిపించింది. ఆ గొంతులో సంతోషం.

"ఇగో, షురూ అయింది బిడ్డా. సప్పుడొస్తున్నది."

పరుగెత్తాను. పెట్టె అతుకులోంచి తెల్లటి పొగ బుసకొడుతూ వస్తోంది. తన చెవి తనను మోసం చేసిందని ఆయనకు అప్పటికే తెలిసింది. ప్లగ్ పీకేశారు. ఒక్క ఊపులో ఆంటీని లేపి, నా చేతుల్లోకి తోసి, "పట్టుకో, గుంజు" అన్నారు. ఆమెను నేను గడప దాటించి వరండా గచ్చు మీద పడుకోబెట్టాను. వెనక్కి తిరిగి చూస్తే ఆయన మళ్లీ లోపలున్నారు. పీట అంటుకుంది. దుప్పటి అంచు మాడుతోంది. ఇల్లు అంటుకుంటుందని ఆయన ఆ పెట్టెను రెండు చేతులతో ఎత్తారు. తేలికే కదా. ఆ ఇనప ఛార్జరంత బరువుంటే ఎత్తేవారే కాదు. పెరటి గుమ్మం చేరేలోపే అది ఆయన చేతుల్లో భగ్గుమంది.

ఇల్లు మిగిలింది. కాలిపోయిన ఆయన వేళ్లు ఇక మునుపటిలా మడతపడవని, బరువులెత్తే ఆలోచన మానుకోమని డాక్టరు చెప్పాడు.

తమ్ముడు ఆ రాత్రికే వచ్చేశాడు. వాడిని నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. వాడు కారును ఎవరికో అమ్మేశాడు. అంకుల్ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నేనూ వాడూ, వీధిలో ఎవరో ఒకరూ కలిసి ఆంటీని లేపుతూ వచ్చాం. రోజూ ఎక్కడో ఒకచోట ఆమెకు నొప్పి కలిగిస్తూనే ఉన్నాం.

ఆయన ఇంటికొచ్చిన రోజు మధ్యాహ్నం అన్నం ఆంటీయే కలిపింది. పనిచేసే కుడిచేత్తో ముద్దలు చేసి ఆయన నోట్లో పెడుతోంది. కట్లు కట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని ఆయన తలవంచుకుని తింటున్నారు. "బరువు లేనిది గదా, ఏం జేస్తదిలే అనుకున్న" అన్నారు ఎవరివైపూ చూడకుండా. ఆంటీ ఇంకో ముద్ద కలుపుతూ, మామూలుగానే అడిగింది.

"ఇగ నన్నెవరు లేపుతరు?"

"నేను లేపుతానాంటీ. రోజూ" అన్నాడు మా తమ్ముడు.

ఆమె వాడి వైపు కోపంగా చూడలేదు. అద్దెకున్న పెళ్లికాని పిల్లవాడి వైపు చూసింది, అంతే.

"ఎన్ని దినాలు బిడ్డా?" అంది.