బొడ్లో తాళంచెవి

2025 ఫిబ్రవరి పదకొండు, మంగళవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. మంచు దట్టంగా ఉంది. చిలకలూరిపేట దాటాక ఒక పల్లె బయట మిరప కల్లం దగ్గర నిలబడ్డాను; నలభై అడుగుల అవతలి కాయల రాశి కనిపించడం లేదు. ఇవన్నీ నా జేబు పుస్తకంలో ఉన్నాయి గనుక రాస్తున్నాను. జ్ఞాపకాన్ని నేను నమ్మను. డాక్యుమెంటరీ సినిమాలను మాత్రం ఆ రోజు దాకా నమ్మేవాణ్ణి.

గణాంక శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇల్లు లేనివాళ్ళ బతుకుల మీద సినిమా తీస్తానని హైదరాబాదు నుంచి ఒక దర్శకుడు వచ్చి, గుంటూరులో అలాంటివాళ్ళను లెక్కించి పెట్టమన్నాడు. జనవరి ఇరవై నుంచి ఆరు రోజులు బస్టాండు, రైల్వే స్టేషను, మార్కెట్టు వెనక వీధులు తిరిగాను. నలభై ఒక్కరు తేలారు. ఒక్కొక్కరి వయస్సు, పడుకునే చోటు, ఎన్నాళ్ళుగా అక్కడ ఉంటున్నదీ రాసి ఇచ్చాను.

దర్శకుడు ఒక ఉదయం వెళ్ళి చూశాడు. అప్పటికే వాళ్ళు కుళాయి దగ్గర స్నానం చేసి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని కూలీల అడ్డా మీద నిలబడి ఉన్నారు. మాసిన బట్టలవాణ్ణి పనికి ఎవరూ పిలవరు.

"సార్, వీళ్ళు అలా కనిపించడం లేదండీ."

"ఎలా?"

"ఇల్లు లేనట్టు. ఆ టెక్స్చర్ లేదు."

ఆ మాటను తేదీతో సహా రాసుకున్నాను. ఇల్లు లేనితనానికి ఒక వేషం ఉంటుందని, అది వేసుకోనివాళ్ళు ఆ పాత్రకు పనికిరారని నాకు అంతవరకూ తెలియదు.

ఆ తర్వాత ఒక సాయంత్రం అతనికి కారు కిటికీలోంచి ఈ కల్లం కనిపించింది: నీలం పట్టాల గుడారాలు, పొయ్యి పొగ, ఎర్రటి రాశుల పక్కన మనుషులు. దొరికారన్నాడు. వాళ్ళు మార్కాపురం వైపు నుంచి కోతలకు వచ్చిన పంతొమ్మిది మంది. ఏటా జనవరిలో ఇళ్ళకు తాళాలు వేసి వస్తారు, మార్చి చివర్లో వెళ్ళి తాళాలు తీస్తారు. ఈ సంగతి షూటింగు రోజు కల్లం దగ్గర ఆరూ యాభైకి ఒకసారి, ఏడుంబావుకి ఇంకొకసారి అతనికి చెప్పాను.

"ఇప్పుడైతే ఇక్కడ ఇల్లు లేదు కదా సార్."

"ఆ లెక్కన గుంటూరు లాడ్జిలో దిగిన మీకూ లేదు," అన్నాను. నవ్వాడు గాని రాసుకోలేదు.

అతను ఎంచుకున్న మనిషి ఆ ముఠాలో పెద్దామె, నలభై ఐదేళ్ళది. కూర్చుని ఎర్రకాయలోంచి రంగు పోయిన తాలుకాయను ఏరుతోంది. మైకు ముందు కూర్చోబెట్టగానే బొడ్లో దోపుకున్న తాళంచెవుల గుత్తి గలగలమంది. సౌండ్ రికార్డు చేసేవాడు తీసేయమన్నాడు. ఆమె తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పెద్దాయనా, జాగర్త. పదకొండేళ్ళు కాయలు కోసి నిరుడు స్లాబు వేసుకున్నాం. వీటికి మారు చెవులు లేవు."

తర్వాత దర్శకుడి వైపు తిరిగింది. "బాబూ, కోతకొచ్చిన కూలీనని చూపించు. ఇల్లు లేనిదాన్నని మాత్రం చూపించబాకు. ఇది ఫోన్లలో తిరిగితే మా ఊళ్ళో తల ఎత్తుకోలేను."

"అలాగే అమ్మా," అన్నాడు. సమయం ఏడూ నలభై. అంగీకార పత్రం మీద ఆమె వేలిముద్ర వేసింది. సాక్షిగా నేను సంతకం చేశాను.

ఇరవై రెండు నిమిషాలు ఆమెను మంచులోకి చూస్తూ కూర్చోమన్నాడు. అంతసేపూ ఆ గుత్తి నా గుప్పిట్లోనే ఉంది. వెనక నుంచి ఆడవాళ్ళ ఎగతాళి.

"అక్కా, ఏడిస్తే రెండొందలు ఇస్తారేమో అడగవే."

"ఊరుకోండే. కాయ ఘాటుకి కళ్ళు మండి చస్తుంటే."

కళ్ళలోంచి నీళ్ళు కారాయి. కెమెరా ఆమె ముఖం దగ్గరికి జరిగింది. అయ్యాక ఆమె లేచి వచ్చి నా దగ్గర గుత్తి తీసుకుని మళ్ళీ బొడ్లో దోపుకుంది.

నలభై ఆరు రోజుల తర్వాత, మార్చి ఇరవై తొమ్మిది శనివారం, గుంటూరులో ఒక చిన్న హాల్లో సినిమా వేశారు. తెర మీద ముఠాలోని పంతొమ్మిది మందీ ఇల్లు లేనివాళ్ళుగా వరసగా వచ్చారు; చివర ఆమె ముఖం, ఆ మిరప ఘాటు కన్నీళ్ళు. మీద దర్శకుడి గొంతు: "ఈ తల్లికి ఆకాశమే కప్పు." స్లాబు వేసుకున్న మనిషికి! ముందు వరసలో ఎవరో ముక్కు చీదుకున్నారు.

దీపాలు వెలిగాక దర్శకుడి దగ్గరికి వెళ్ళి, ఏడూ నలభైకి అతనిచ్చిన మాటను పుస్తకంలోంచి చదివి వినిపించాను.

"సార్, అది ఎమోషనల్ ట్రూత్."

"నిజంలో రకాలున్నాయని మా శాఖలో నాకెవరూ చెప్పలేదు. ఆ పత్రం మీద సాక్షి సంతకం నాది. ఆమెను తీసేయకపోతే, మీరు ఏ చిత్రోత్సవానికి పంపితే వాళ్ళకు, ఈ పేజీ నకలు పంపుతాను."

అతను పుస్తకం వైపు చూశాడు, నా వైపు చూశాడు. "సరే, ఆమెను తీసేస్తాను."

"మిగతా పద్దెనిమిది మందికీ ఇళ్ళున్నాయి."

"వాళ్ళు అడగలేదు కదా సార్."

నిజమే, అడగలేదు. ఏమడగాలో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. నా పుస్తకంలో ఒక్కరి అభ్యంతరమే నమోదై ఉంది. రాయని దానికి సాక్ష్యం చెప్పే అలవాటు నాకు లేదు.

ఏప్రిల్‌లో సవరించిన ప్రతి పంపాడు. రెండుసార్లు ఆపి ఆపి చూశాను. ఆమె లేదు. తుది లెక్క ఇది: ఇల్లు లేనివాళ్ళంటూ చూపించిన ముఖాలు పద్దెనిమిది. వాటిలో ఇల్లు ఉన్నవాళ్ళు పద్దెనిమిది. గుంటూరులో నేను లెక్కించిన నలభై ఒక్కరిలో ఆ సినిమాలో ఉన్నవాళ్ళు సున్నా.