ఇంటర్వెల్ దాకా

ఈ మధ్య వచ్చిన సినిమాల గురించి ఎవరైనా నా అభిప్రాయం అడిగితే ముందే ఒక మాట చెప్పేస్తాను. మూడేళ్లలో నేను చూసినవి దాదాపు అన్నీ సగం సినిమాలే. ఇంటర్వెల్ పడగానే లేచి వచ్చేస్తాను. కాబట్టి నాది సగం తీర్పు. అలాగని చెప్పకుండా ఊరుకునే రకాన్ని కాదు.

మామిడికుదురులో నాది జాకెట్లు కుట్టే షాపు. టైలరు కంటికి సినిమా వేరేగా కనిపిస్తుంది. మొన్న ఒక పెద్ద హీరోగారు గొడ్డలి పట్టుకుని వందమందిని నరికారు. చొక్కా చిరిగింది. ఎక్కడ చిరిగింది? సరిగ్గా ఛాతీ మధ్యన! చెయ్యెత్తి అంత విసురుగా కొడితే ముందు విడేది చంక దగ్గర కుట్టు. ముప్పై ఏళ్లుగా చంకలు సరిచేస్తున్నవాణ్ణి, నాకా చెబుతారు? ఇంకో సినిమాలో ఆ చప్పుడికి నా పక్కాయన చెవుల్లో దూది పెట్టుకుని మరీ కూర్చున్నాడు. ఇప్పుడు కొత్త తెగులొకటి మొదలైంది. మూడు గంటలు కూర్చోబెట్టి, మిగతా కథ రెండో భాగంలో చూడమంటున్నారు. అంటే నేను చూసింది పావు.

మా కోనసీమ కథ అంటూ ఒకటి వచ్చింది. ఆశగా వెళ్లాను. డ్రోను ఎగరేసి కొబ్బరిచెట్ల తలకాయలు చూపించారు గానీ, కింద మనుషులున్నారన్న సంగతి మర్చిపోయారు. ఉన్న నలుగురూ ప్రతి మాటకీ ‘ఆయ్’ అంటారు. తిట్టినా ఆయ్, ఏడ్చినా ఆయ్. ఓరి మీ దుంప తెగ! ఆయ్ అంటే సరేనండీ అని. ఎదుటి మనిషి చెప్పింది మన మనసుకి పట్టినప్పుడు వచ్చే మాట అది.

ఈ సగం అలవాటు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. మూడేళ్ల కిందట మా ఆవిడ ఇళ్లలో పనికి కువైట్ వెళ్లింది. రెడీమేడ్లు వచ్చి నా షాపు పల్చబడింది, అమ్మాయి కాకినాడలో నర్సింగులో చేరింది, నేను కాదనలేకపోయాను. బయల్దేరే రోజున ఇద్దరం అమలాపురంలో మ్యాట్నీకి వెళ్లాం. ఎయిర్‌పోర్టుకి కారు సాయంత్రం కదా అని ధీమా. సరిగ్గా ఇంటర్వెల్లో ఏజెంటు ఫోను చేశాడు, కారు ముందే వచ్చేసింది, వెంటనే రమ్మని. మా ఆవిడ చేతిలో సమోసా అలాగే ఉంది. తెర వంక ఒకసారి చూసి, “మిగతా సగం నేనొచ్చేక చూద్దాం లెండి,” అంది.

తర్వాత నెలకి ఒక్కణ్ణే ఒక సినిమాకి వెళ్లాను. ఇంటర్వెల్ లైట్లు వెలిగాయి. కాళ్లు వాటంతటవే లేచాయి. అప్పట్నుంచీ అంతే, ప్రతి శుక్రవారం మ్యాట్నీ, ఇంటర్వెల్ దాకా. ఆవిడకీ అదే మాట చెప్పాను, నువ్వొచ్చేదాకా రెండో సగం ముట్టుకోనని. తిరుగుదారిలో వైనతేయ వంతెన మీద బండి ఆపి వాయిస్ మెసేజ్ పెడతాను. కథ, పాటలు, ఎవరి జాకెట్టుకి చేతులు కుదిరాయి, ఎవరికి కుదరలేదు, అన్నీ. శుక్రవారం ఆవిడ పనిచేసే ఇంటినిండా చుట్టాలట. ఈవిడ ఇస్త్రీ చేసుకుంటూ వింటుంది. “గాలి హోరు ఎక్కువండి, కానీ బాగా చెప్పేరు,” అంటుంది. మిగతా సగం కథ తనే అల్లుతుంది. చాలాసార్లు అదే బాగుంటుంది.

హాలు గేటు దగ్గర టికెట్లు చింపే ఆయన నన్ను చూస్తే చాలు, “రండి మాస్టారూ! మీ టికెట్టు సగమే చింపుతానండి,” అంటాడు. నవ్వేసి లోపలికి వెళ్లిపోతాను.

ఈ వేసవిలో ఆవిడ ఒప్పందం పూర్తి కావచ్చింది. ఆ ఇంటి మేడం ఇంకో రెండేళ్లు ఉండమని అడుగుతోంది, నెలాఖరుకి ఏదో ఒకటి చెప్పాలి. “ఏం చెయ్యమంటారండి?” అని అడిగింది. వచ్చెయ్యమనే మాట నోటిదాకా వచ్చింది. అమ్మాయికి ఇంకో ఏడాది చదువుంది. “నీ ఇష్టం,” అన్నాను, పెద్దమనిషి తరహాగా. మళ్లీ అడిగినా అదే అన్నాను.

అలాంటి రోజుల్లో ఒక శుక్రవారం ఒక చిన్న సినిమాకి వెళ్లాను. పెద్ద హీరో లేడు, గొడ్డలీ లేదు. లారీ మీద వెళ్లిన మొగుడు తిరిగి రాలేదు. పెళ్లాం గుమ్మంలో నిలబడి దారి చూస్తుండగా ఇంటర్వెల్. లేవబోయాను. లేవలేకపోయాను. వాడొస్తాడో రాడో తెలియకుండా ఆ వంతెన దాటడం నా వల్ల కాదనిపించింది. కూర్చుండిపోయాను. ఆఖర్న వాడొచ్చాడు. తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేముంది.

వంతెన మీద ఆగి, ఇంటర్వెల్ దాకా మాత్రమే చెప్పాలని గట్టిగా అనుకునే మెసేజ్ మొదలుపెట్టాను. టైలరు బుద్ధి ఎక్కడికి పోతుంది? “మొగుడు తిరిగొచ్చిన రోజున ఆ పిల్ల ఆకుపచ్చ జాకెట్టు వేసిందే, చేతులు ఎంత బాగా కుదిరేయో!” అనేశాను.

నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. శనివారమూ లేదు. ఆదివారం మధ్యాహ్నం ఓ పెళ్లివారి జాకెట్టుకి లైనింగు వేస్తుంటే ఫోను మోగింది.

“మొగుడు ఇంటర్వెల్ ముందే తిరిగొచ్చేసేడాండి?”

నేను మిషను కాస్త జోరుగా తొక్కాను.

“మొత్తం చూసేసేరన్నమాట,” అంది. “నేనింక రానని అనుకున్నారా?”

“అది కాదే...”

“మరేంటండి? నెల నించీ అడుగుతున్నాను. నీ ఇష్టం, నీ ఇష్టం. ఒక్కసారన్నా రమ్మన్నారా?”

నిజమే, అనలేదు. వారం వారం సగంలో లేచి వచ్చేస్తున్నాను కదా, అంతా అందులోనే ఉంది, ఆ మాత్రం ఆవిడకి తెలియదా అనుకున్నాను. నోరు తెరిచి చెప్పాల్సిన మాట ఒకటుందని తట్టనే లేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మిషను ఆపాను.

“వచ్చెయ్యి,” అన్నాను. “నువ్వు లేకపోతే నాకేం బావులేదు. అమ్మాయి చదువు ఇద్దరం కలిసి చూసుకుందాం. వచ్చెయ్యి.”

అటునుంచి ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది. “అయితే మేడంకి చెప్పేస్తానండి,” అంది.

వచ్చింది. కారు దిగగానే నా కన్ను ముందు ఆవిడ భుజాల మీదికి పోయింది. కొలతకని షాపులో దాచుకున్న ఆది జాకెట్టు ప్రకారం చూస్తే రెండంగుళాలు తగ్గిపోయింది మనిషి. సంచి అందుకున్నాను. ఆ సాయంత్రమే ఆవిడ పాత జాకెట్లన్నీ షాపుకి తీసుకెళ్లి సరిచేశాను.

ఆ శుక్రవారం ఇద్దరం మ్యాట్నీకి వెళ్లాం. టికెట్లు చింపే ఆయన ఈసారి వేళాకోళం ఆడలేదు. “వచ్చేసేరా అమ్మా!” అన్నాడు. ఫస్టాఫ్ అంతా ఆవిడ నా చెయ్యి వదల్లేదు. ఇంటర్వెల్ పడింది, లైట్లు వెలిగాయి. నేను లేచి నిలబడి, జేబులో బండి తాళాలు తడుముకుంటున్నాను. ఎవరో చొక్కా అంచు పట్టుకుని లాగారు.

“ఎక్కడికండి? కూర్చోండి. ఇంకా సగం ఉంది.”

“ఆయ్,” అన్నాను.

సెకండాఫ్ పరమ చెత్తగా ఉంది. ఆఖరి పేరు పడేదాకా చూశాం.