కరివేపాకు కొమ్మకు ఎర్రదారం

ఆ ఎండాకాలం సెలవుల్లో నాకు సీతాకోకచిలుకల పిచ్చి పట్టింది. బెజవాడ నుంచి టీచరుద్యోగానికి వచ్చి, నాంపల్లి సందులో ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. మా అన్నయ్య ఇచ్చిన డబ్బా కెమెరా పట్టుకుని పొద్దున్నే పబ్లిక్ గార్డెన్‌కు పోయేదాన్ని. రీలుకు పన్నెండు ఫొటోలు. రెండు రీళ్లు తగలేశాను. ఆబిడ్స్‌లో ఫొటోలు కడిగే ఆయన ఒక్కొక్కటే వెలుతురులో పెట్టి చూసి, "టీచరమ్మా, గిండ్ల సీతాకోకచిలుక ఏడున్నది?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఈ కెమెరాతో దగ్గరికి పోతే మసకే వస్తుందనీ, రెండు గజాల దూరంలో నిలబడాలనీ, అవతలిది కదలకూడదనీ ఆయనే చెప్పాడు.

కదలని సీతాకోకచిలుక మా పెరట్లోనే దొరికింది. కరివేపాకు కొమ్మకు ఆకుపచ్చటి గూడు వేలాడుతోంది. బయటికొచ్చాక రెక్కలు ఆరేదాకా అది ఎటూ పోదు. మూడో రీలులో ఒక్క ఫొటో మిగిలింది. ఆ ఒక్కటైనా తేటగా రావాలని నా పంతం. కానీ ఆ చెట్టు వాడకట్టందరిదీ. పోపు వేసే ముందు ఎవరో ఒకరు వచ్చి రెబ్బ తుంచుకుపోతారు. గూడున్న కొమ్మ జోలికి పోకుండా గుర్తుగా ఎర్రదారం కట్టాను.

మర్నాటికి దాని పక్కన ఇంకో దారం. నాలుగు రోజుల్లో ఆరయ్యాయి, చెట్టు మొదట్లో పసుపు కుంకుమలు. టీచరమ్మ మొక్కుకుందట, చెట్టు మహత్తు గలదట. నాకు నవ్వొచ్చింది. కొమ్మ భద్రంగా ఉంది కదా అని ఊరుకున్నాను. ఏడో దారం ఇంటావిడ కట్టింది. ఆమె కళ్లకు పొరలు కమ్మాయి, ఆ వారమే దవాఖానలో ఆపరేషన్. ఇక నవ్వు రాలేదు. నిజం చెబుదామని రెండుసార్లు ఆమె గడప దాకా వెళ్లి తిరిగొచ్చాను.

ఆపరేషన్ రోజు పొద్దున గూడు పగిలింది. నల్లటి రెక్కలు ముడతలు పడి దారాల మధ్య వేలాడుతున్నాయి. రెండు గజాలు కొలుచుకుని నిలబడ్డాను. అంతలో ఆమె తడుముకుంటూ వచ్చి, కొమ్మ పట్టుకుని కళ్లు మూసుకుంది. పక్కకు జరగమనడానికి నాకు నోరు రాలేదు. రెక్కలు విచ్చుకున్నాయి. ఇక ఎగిరిపోతుందని నొక్కేశాను.

నెల తర్వాత కొత్త కళ్లద్దాలు పెట్టుకుని ఆమె ఆ ఫొటో చూసింది. ఆమె ముఖం తేటగా వచ్చింది. సీతాకోకచిలుక గోరంత ఉంది.

"గింత ముసల్దాన్నయిన్ననా" అంటూ చాలాసేపు చూసుకుంది.

అప్పుడు చెప్పేశాను. "నేను కట్టింది మొక్కు దారం కాదండీ. ఈ సీతాకోకచిలుక కోసం పెట్టిన గుర్తు."

"నాకెరుకే బిడ్డా. రోజూ గాడనే నిలబడి ఆ గూడు ఎప్పుడు పగుల్తదోనని గొణుక్కుంటుంటివి గద."

"మరి మీరెందుకు కట్టారు?"

"భయమైంది. ఇంట్ల చెప్పుకునేటందుకు ఎవలున్నరు?"

అన్ని రోజులూ ఒక్క గోడకు ఇవతల, అద్దె గదిలో నేనున్నాను.