గోంగూర కాయల క్రిస్మస్

మార్చి నెలాఖరులో దక్షిణ సూడాన్‌లో దిగాం. మిట్టమధ్యాహ్నం, నలభై మూడు డిగ్రీలు. భిలాయిలో స్టీల్ ప్లాంటు పక్కన, రిసాలి క్వార్టర్స్‌లో పెరిగినోణ్ణి, వేడి నన్నేం చేస్తుందిలే అనుకున్నాను. హెలికాప్టర్ తలుపు తీయగానే ఆ బడాయి కాస్తా పోయింది. చుట్టూ నల్లరేగడి. గుట్ట లేదు, రాయి లేదు. ఒంటి మీద బులెట్‌ప్రూఫ్ జాకెట్, నీలం హెల్మెట్, వీపున రేడియో సెట్. నేను సిగ్నల్స్ వాణ్ణి. ఐక్యరాజ్య సమితి శాంతి దళం క్యాంపులో ఎవరి మాట ఎవరికి అందాలన్నా మా కంటైనర్ గుండా పోవాల్సిందే.

తిరిగొచ్చాక ఇక్కడ రిసాలిలో అందరూ ఒకటే అడుగుతారు, ఎన్ని తూటాలు కాల్చావు భయ్యా అని. ఒక్కటీ కాల్చలేదు. నేను చెప్పేది పండగల సంగతి. వింటే వినండి, లేదంటే టీ తాగి బయల్దేరండి.

మా పక్క కంటైనర్‌లో జమైకా పోలీసు సార్జెంట్ ఉండేది. నలభై దాటిన మనిషి, గొంతు పెద్దది. మేమంతా మేడం అనేవాళ్లం. వాళ్ల ఇల్లు సముద్రం ఒడ్డున, ఇంట్లో తల్లి ఒక్కతే. మా సాయంత్రం నాలుగంటే వాళ్లకి పొద్దున్న తొమ్మిది. సెలవు రోజొస్తే చాలు, సిగ్నల్ బాగుంటుందని మా శాటిలైట్ డిష్ దగ్గరికొచ్చి చిన్న పొయ్యి పెట్టేది. ఫోన్‌ని ఏ డబ్బాకో ఆనించి వీడియో కాల్ కలిపేది. అటు తల్లి, ఇటు కూతురు, ఇద్దరిదీ ఒకే వంట. గుడ్ ఫ్రైడేకి మసాలా వేసిన తీపి రొట్టె మధ్య చీజ్ పెట్టి నాకూ ఇచ్చింది. తీపిలో ఉప్పేమిటని మొహం చిట్లించి, రెండోది అడిగి తిన్నాను.

మే ఇరవై మూడున వాళ్ల కార్మికుల దినం. సెలవిచ్చి, ఆ రోజే ఊరంతా కలిసి పని చేస్తారట. బడికి రంగులేస్తారు, రోడ్డుకి చారలు గీస్తారు. మేడం పొద్దున్నే గేటు దగ్గర డ్రమ్ములకి పసుపు రంగు మొదలెట్టింది. సెలవు పూట పనేమిట్రా బాబూ అని మా హవల్దార్ సాబ్ తల పట్టుకున్నాడు. కాసేపటికి ఆయనే బనీనుతో బ్రష్ పట్టుకుని కూర్చున్నాడు. విశ్వకర్మ పూజకి మా నాన్న మమ్మల్ని ప్లాంటులోకి తీసుకెళ్లి, తన మెషీన్ని మా ముందు తుడిచి బొట్టు పెట్టేవాడు. అది గుర్తొచ్చి నేనూ ఓ డ్రమ్ముకి రంగేశాను.

ఆగస్టు ఒకటి బానిసత్వం పోయిన రోజు. వాళ్లకి అర్ధరాత్రి, మాకు ఉదయం ఏడు. ఫోన్‌లో చర్చి గంటలు, డప్పులు, జనం పాట. మేడం అటెన్షన్‌లో నిలబడింది. పక్కన నేనూ నిలబడ్డాను. ఆరో తారీకు వాళ్ల స్వాతంత్ర్య దినం. నలుపు, ఆకుపచ్చ, బంగారు రంగుల రిబ్బన్ కట్టుకుంది. పదిహేనున మన జెండా దగ్గరికీ అదే రిబ్బన్‌తో వచ్చి లడ్డూలు లాగించింది.

అక్టోబరులో వాళ్ల వీరుల దినం. కవాతు అయ్యాక తల్లి ఫోన్ పట్టుకుని పెరడంతా చూపించింది. ఎర్ర కాడ, ఎర్ర కాయ. నేను ఫోన్ లాక్కున్నంత పని చేశాను. అది మా గోంగూర! ఆ కాయల ఎర్ర రేకుల్ని అల్లం, లవంగాలతో మరిగించి, రాత్రంతా నానబెట్టి, పంచదార కలిపి క్రిస్మస్‌కి తాగుతారట. మరి ఆకు ఏం చేస్తారమ్మా అంటే పారేస్తాం అంది. నాకు ఒళ్లు మండింది. మేం కాయలు పారేస్తాం అన్నాను. ఆవిడకి ఒళ్లు మండింది. ముగ్గురం పడీ పడీ నవ్వాం.

"క్రిస్మస్‌కి ఇద్దరం ఒకేసారి కాచుదాం," అంది తల్లి కూతురితో. "మూత తీసి నాకు చూపించు. రంగు చూసి చెప్తాను."

ఆ మరుసటి వారం అటు తుఫాను వచ్చింది. మాది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం, తుఫానంటే ఏమిటో మాకు ఒకరు చెప్పక్కర్లేదు. చర్చి గట్టి కట్టడం, అక్కడికి పో అమ్మా అని మేడం బతిమాలింది. మేకల్ని విప్పేసి వెళ్తానంది తల్లి. అంతే, లైను పోయింది.

"నువ్వు సిగ్నల్ వాడివి కదా," అంది మేడం. "కలుపు."

డిష్ తుడిచాను. కేబుల్ మార్చాను. హెడ్‌క్వార్టర్‌కి నేను చెప్పుకుంటాలే అని హవల్దార్ సాబ్ శాటిలైట్ ఫోన్ తెచ్చిచ్చాడు. మా వైపు సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉన్నాయి.

"మన దగ్గర అంతా బాగానే ఉంది మేడం," అన్నాను. "అటు టవరే లేదు."

ఆ మాట అనడానికి నాకు నోరెలా వచ్చిందో. తెగిన లైను కలపడమే నా ఉద్యోగం. ఏం చేయను, చెప్పండి?

కొన్ని రోజులకి పక్కింటాయన మెసేజ్ వచ్చింది. ఇల్లు లేదు. తల్లి చర్చి దారిలో నడుస్తుండగా చూశారు. చర్చికి మాత్రం చేరలేదు. కమాండర్ సెలవు ఇస్తానన్నాడు. మేడం వెళ్లనంది. వాళ్లమ్మకి నోటికొచ్చిన నంబరు ఇదొక్కటేనట. ఏ ఆసుపత్రిలో ఉన్నా దీనికే చేస్తుంది, విమానాల్లో ఉంటే ఎలా అంది. ఫోన్ చార్జింగ్ నుంచి తీసేది కాదు. మోగితే ఉలిక్కిపడేది. నేనూ అంతే.

క్రిస్మస్ ముందు అక్కడి బజారులో ఎండు గోంగూర కాయలు కనిపించాయి. కర్కదే అంటారు అక్కడివాళ్లు. ఓ సంచీడు కొన్నాను. ఇవ్వాలా వద్దా అని రెండు రోజులు నలిగాను. చివరికి ఇచ్చేశాను. మేడం చూసి, పొయ్యి మీద నీళ్లు పెట్టింది. ఆ రాత్రి నానాయి. మర్నాడు క్రిస్మస్, సాయంత్రం నాలుగింటికి పొయ్యి దగ్గరికి రమ్మంది. హవల్దార్ సాబ్ కాసేపుండి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. నేను చివరిదాకా అక్కడే ఉన్నాను.

జనవరిలో డ్యూటీ గడువు ముగిసి ఆమె వెళ్లిపోయింది. మార్చిలో నేను భిలాయి పక్కన దుర్గ్ స్టేషన్‌లో దిగాను. తర్వాత ఆమె నుంచి మెసేజ్ ఒక్కటే వచ్చింది: ఇంటి పునాది దొరికింది, అమ్మ దొరకలేదు.

పెన్షన్ తీసుకుని ఇప్పుడు రిసాలిలోనే ఉంటున్నాను. మా అమ్మ గోంగూర గిల్లుతుంటే పక్కన కూర్చుని కాయలు ఏరి పెడతాను. "ఏటిరా, పారేసీవాటితో నీకేటి పని?" అంటుంది.

ఆ క్రిస్మస్ సాయంత్రం మేడం ఫోన్‌ని పంచదార డబ్బాకి ఆనించి నిలబెట్టింది. తెర నల్లగా ఉంది. గిన్నె మూత తీసి, ఎర్రటి నీళ్లు ఫోన్‌కి కనబడేలా కాస్త వంచి పట్టుకుంది. "రంగు వచ్చిందా అమ్మా?" అని అడిగింది. ఎంతసేపటికీ గిన్నె దించలేదు.