ఎడమ కాలి మీద ఇరవై అయిదు

ఫిజియో మేడమ్ దగ్గర ఎవరి పప్పులూ ఉడకవు. పరుగెత్తి కాలు పాడుచేసుకున్నవాళ్ళు ఆమె గదిలోకి రాగానే చెప్పే మాట ఒకటే: "ఇప్పుడు బాగానే ఉంది మేడమ్." ఆమె ఆ మాట చెవిన పెట్టదు. నిలువుటద్దం ముందు నిలబెట్టి, దెబ్బతిన్న కాలి మీదే మడమ ఎత్తి దించమంటుంది. ఇరవై అయిదు సార్లు, ఊగకుండా, గోడకు ఒక్క వేలు ఆనించి. ఇరవై నాలుగు చేసి బతిమాలినవాళ్ళున్నారు. వాళ్ళకి ఆ వారం నడకే. సొంత ఆడపడుచుని కూడా అలాగే పంపింది. ఆవిడ ఇప్పటికీ ఫోన్లో ముక్తసరిగానే మాట్లాడుతుంది.

ఇంత కచ్చితమైన మనిషి మూడు వారాలుగా తన ఎడమ పిక్క నొప్పిని దాచిపెడుతోంది. ఊళ్ళో ఏటా జరిగే పది కిలోమీటర్ల పరుగు ఈ ఆదివారమే. తొమ్మిదేళ్ళుగా ఒక్కటీ మానలేదు. తొమ్మిది పతకాలు హాల్లో మేకులకు వేలాడుతున్నాయి. పదోదానికి మేకు ముందే కొట్టేసింది, అంత ధీమా. పొద్దున మెట్లు పక్కవాటుగా దిగుతుంటే మొగుడు చూసి, ఇదేమిటన్నాడు. "కొత్త వ్యాయామం," అంది. పాపం, నమ్మాడు.

శుక్రవారం డ్రైవరు బాబాయ్ వంతు. ఆయన సిటీ బస్సు నడుపుతాడు. యాభై దాటాక పరుగు మొదలుపెట్టి, మొదటి నెలలోనే పిక్క పాడుచేసుకున్నాడు. రోజుకు మూడుసార్లు చేయమన్న వ్యాయామం ఆరుసార్లు చేస్తే సగం రోజుల్లో తగ్గుతుందనుకుని, ఉన్నది కాస్తా ముదరబెట్టుకున్నాడు. ఆమె పెట్టిన చీవాట్ల తరవాత తు.చ. తప్పలేదు. ఆ రోజు ఇరవై అయిదూ లాగించేశాడు. చివర్లో మొహం ఎర్రబడింది గాని మడమ ఊగలేదు.

"పాసయ్యారు బాబాయ్. ఆదివారం పరుగెత్తండి, మెల్లగా."

ఆయన బూటు లేసు కట్టుకుంటూ, "అమ్మాయ్, ఒకటడుగుతాను. మొదట్లో రెండు కాళ్ళతోనూ చేసి చూపించేదానివి. ఈమధ్య కుడికాలే వాడుతున్నావు," అన్నాడు.

"అలవాటైపోయింది."

"ముప్పై ఏళ్ళుగా అద్దాలు చూసుకుంటూ బండి నడుపుతున్నాను. ఎవరు ఎటు ఒరుగుతున్నారో నాకు తెలీదా? ఏదీ, ఎడమది చెయ్యి."

ఆమె తలుపు వైపు చెయ్యి చూపింది. బయట ఇంకొకరు ఎదురుచూస్తున్నారంది. తెరిచిన తలుపులోంచి ఖాళీ బెంచీ ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది. ఇక తప్పక చెప్పులు విడిచి అద్దం ముందు నిలబడింది.

బాబాయ్ తాపీగా లెక్కపెట్టాడు. ఎనిమిది దగ్గర ఆమె పెదవి కొరుక్కుంది. పదకొండు తరవాత మడమ నేల వదల్లేదు. ఏడుపొచ్చింది. తొమ్మిదేళ్ళ వరస తెగిపోతుంటే రాదా మరి.

"ఈ ఒక్క ఆదివారమే బాబాయ్. నిజానికి ఇప్పుడు బాగానే ఉంది," అంది.

అన్నాక ఆ మాట తన చెవినే పడింది. బాబాయ్ నవ్వలేదు, అదే ఆయన మంచితనం. "ఈ వారం నీకు నడకే తల్లీ," అన్నాడు.

ఆదివారం ఆరో కిలోమీటరు దగ్గర పరుగెత్తేవాళ్ళకి నీళ్ళందించే బల్ల వెనక నిలబడింది. కాళ్ళకు మాత్రం పరుగు బూట్లే, ఆశ చావక. రోజూ తనతో పరుగెత్తే ఆడవాళ్ళు కేకలేసుకుంటూ దాటిపోతుంటే కాళ్ళు ఆగలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి రోడ్డు మీదకు నాలుగడుగులు వేసింది. అయిదోది వేయబోతుండగా బాబాయ్ వగరుస్తూ వెనకనుంచి వచ్చాడు. ఆమె బూట్ల వంక చూశాడు. నీళ్ళ కోసం చెయ్యి చాపి నిలబడ్డాడు.

ఆమె వెనక్కి వెళ్ళి గ్లాసు తెచ్చి చేతిలో పెట్టింది. ఆయన తాగి, కదిలాడు. అడుగు ఎక్కడా తడబడటం లేదు. మలుపు తిరిగేదాకా చూసింది. కళ్ళు తడిశాయి, ఈసారి సంతోషంగానే ఉంది.

ఇంటికొచ్చి బూట్ల లేసులు రెండూ ముడేసి పదో మేకుకు తగిలించింది.

"ఇదేం వ్యాయామం?" అన్నాడు మొగుడు.

"అన్నిటికంటే కష్టమైంది. కూర్చో, చెప్తాను," అని ఎడమ కాలు చాపి అతని ఒళ్ళో పెట్టింది.