మా అత్తగారి ఒంటి తుమ్ము

దయ్యాలంటే నాకు నవ్వు, శకునాలంటే కోపం. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే తర్వాతది విని, 'ఈవిడ మొదటి నుంచీ ఇలాంటి మనిషేలే' అనుకుంటారని నా భయం.

నేను పుట్టింది చీరాల దగ్గర, మగ్గాల ఇంట్లో. డిగ్రీ చదివాను. ఇష్టపడి పెళ్ళి చేసుకుని, సత్తెనపల్లి దగ్గర మిరప రైతుల ఇంటికి కోడలిగా వచ్చాను. పొలం పనుల్లో ఒక్కటీ రాని కోడలు వచ్చిందని మా అత్తగారికి బాధ. ఆవిడ నోట నా పేరు ఎప్పుడూ వినలేదు. ఇరవై ఏళ్ళూ నేను 'మగ్గం పిల్ల'నే.

కానీ నాకు వ్యవసాయం నేర్పింది మాత్రం ఆవిడే. గుప్పెడు మిరపకాయలు చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే, లోపల గింజల చప్పుడును బట్టి కాయ ఎండిందో లేదో చెప్పేయచ్చని చూపించింది. తెల్లగా పాలిపోయిన తాలుకాయ ఏరడం, కూలీల చేత పని చేయించడం, అన్నీ ఆవిడ దగ్గరే. తప్పు చేస్తే వీధంతా వినపడేలా తిట్టేది. బాగా చేస్తే ఊరుకునేది. ఆ ఊరుకోవడమే మెచ్చుకోలని అర్థం కావడానికి నాకు పదేళ్ళు పట్టింది.

మా ఇద్దరికీ అసలు పేచీ తుమ్ముల దగ్గర. బయల్దేరుతుంటే ఒంటి తుమ్ము వినపడిందా, ఎంత తొందర పనైనా ఆగి, కూర్చుని, మంచినీళ్ళు తాగాకే కదలాలి ఆవిడ లెక్కలో. ఆ తుమ్ములు తుమ్మేది కూడా ఎక్కువగా ఆవిడే. ఊపిరి బలంగా లోపలికి లాగి, ఒక్క క్షణం ఆగి, పెద్దగా తుమ్మి, చివర్లో నీరసంగా 'రామా' అనేది.

నేను ఒక్కసారి కూడా ఆగలేదు. "మిరపకాయల కొంపలో తుమ్ముకల్లా ఆగితే ఏడాదంతా గుమ్మంలోనే కూర్చోవాలి అత్తయ్యా" అనేదాన్ని.

"ఒసేయ్, నా మాట ఎటూ వినవు. నా తుమ్మన్నా వినవే!" అనేది ఆవిడ.

నిరుడు వినాయక చవితి వెళ్ళిన వారంలో ఆవిడ పోయింది. అప్పుడే మిరప నారు నాటాం. జనవరిలో మా ఆయన ట్రాక్టర్ మీంచి పడితే కాలు విరిగి, లోపల రాడ్లు వేశారు. ఇక కోతలన్నీ నా నెత్తినే పడ్డాయి. 'ముసలమ్మ లేదు, మొగుడు మంచం మీద ఉన్నాడు, మగ్గం పిల్ల వల్ల ఏమవుతుందిలే' అని మా వీధిలో అనుకున్నారు. అది నా చెవిన పడింది. కడుపు మండింది గానీ, సమాధానం పంటే చెప్పాలని పళ్ళు బిగపట్టుకున్నాను.

మార్చిలో ఒక రోజు. కోసిన కాయంతా ఊరి బయట మా కల్లంలో ఎర్రగా పరిచి ఉంది. ఆ మధ్యాహ్నం మా ఆయన్ని గుంటూరు ఆసుపత్రిలో చూపించాలి. ఎండ మాడ్చేస్తోంది, మబ్బు తునక లేదు. ఇంకో రెండెండలు తగిలితే కాయ సిద్ధం. పరిచింది పరిచినట్టే వదిలేసి సాయంత్రానికి వచ్చేద్దామనుకున్నాను. అది నా పొరపాటు. అత్తగారైతే కాయ పోగు చేసి, టార్పాలిన్ పట్టాలు కప్పితే గానీ ఊరు దాటేది కాదు.

మా ఆయన చంకకర్రల మీద ముందు గుమ్మం దాటారు. నేను తలుపు లాగబోతున్నాను. వెనక వసారాలోంచి తుమ్ము వినపడింది. ముందు ఊపిరి లాగిన చప్పుడు. ఒక్క క్షణం ఆగి, తుమ్ము. తర్వాత సన్నగా 'రామా'.

నేను నోరు తెరవకముందే, మా ఆయన వెనక్కి తిరగకుండానే, "ఆగు, కాసిని మంచినీళ్ళు తాగి పోదాం" అన్నారు. చిన్నప్పటి నుంచీ అలవాటైన మాట. అన్నాక ఆయనే ఉలిక్కిపడి నాకేసి చూశారు.

"నువ్వు తుమ్మావా?"

"లేదు."

వసారాలోకి వెళ్ళి చూశాను. ఆవిడ మంచం ఉండే చోట ఖాళీ గోనెసంచుల దొంతర తప్ప ఏమీ లేదు. పిల్లి కూడా లేదు. పెరటి తలుపు గడియ లోపల్నుంచి వేసే ఉంది. ఒక పక్క ఇల్లు పొద్దున్నుంచీ తాళం, రెండో పక్క ఖాళీ స్థలం. కరెంటు లేదు, కాబట్టి టీవీ కాదు. ఫోన్లు రెండూ నా సంచిలోనే ఉన్నాయి.

నాకు భయం వేయలేదు. ఆ గోనెసంచుల దొంతర మీదే కూర్చుండిపోయాను. కూర్చున్నాను కనుక నీళ్ళు తాగాను. జన్మలో మొదటిసారి ఆవిడ తుమ్ముకి ఆగాను. ఈలోగా సెంటర్లో గుంటూరు బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

పది నిమిషాలు కాలేదు, గాలి మళ్ళింది. తడిమట్టి వాసన వచ్చింది. బయటికొచ్చి చూస్తే పడమటి వైపు ఆకాశం నల్లగా ఉంది.

కల్లానికి పరుగు పెట్టాను. పత్తి చేలోంచి నలుగురు ఆడవాళ్ళు ఎదురొచ్చారు. "ఏందక్కా ఆ పరుగు?" అంది వాళ్ళలో పెద్దామె.

"కాయంతా పరిచే ఉంది!"

"ఓయమ్మో! రండే, రండి!" అంటూ అందరూ నా వెంట పడ్డారు. చీరలు ఎగదోపి, కాయను పోగులు చేసి, పట్టాలు కప్పాం. ఈలోగా మా ఆయన ఎవరి ఆటోలోనో వచ్చి దిగారు. గాలికి పట్టా లేస్తుంటే, విరిగిన కాలు చాపుకుని దాని అంచు మీద కూర్చున్నారు. "ఈ కల్లంలో నాకంటే బరువైన రాయి లేదు" అని నవ్వారు. ఆ వెంటనే వాన దంచి కొట్టింది. మేం ఆరుగురం నిలువునా తడిసిపోయాం. కాయ మాత్రం ఒక్కటి తడవలేదు.

ఆ సాయంత్రం ఎదురింటావిడ, 'మగ్గం పిల్ల వల్ల ఏమవుతుందిలే' అన్నావిడే, వచ్చి, "మీ అత్త పేరు నిలబెట్టావమ్మాయ్" అంది. నా డిగ్రీ కాయితం చేతికొచ్చిన రోజు కూడా నాకంత గర్వం కలగలేదు.

ఆ తుమ్ము ఎవరిదో నాకు ఈ రోజుకీ తెలియదు. మనసు భ్రమ పడిందనుకుందామంటే, నాకంటే ముందు ఆగమన్నది మా ఆయన. ఇద్దరికీ ఒకే క్షణంలో ఒకే భ్రమ ఎలా కలుగుతుంది? దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను.

మర్నాడు మళ్ళీ గుంటూరు బయల్దేరాం. ఈసారి పొద్దున్నే కల్లానికి వెళ్ళి, కాయ పోగులు సరిచూసి, పట్టాలు బిగించి, అంచుల మీద రాళ్ళు పెట్టి వచ్చాను. గుమ్మం దగ్గరికొచ్చాక నా అంతట నేనే ఆగాను. మా ఆయన ఎందుకని అడగలేదు. ఆయనా కర్రల మీద నిలబడి, వసారా వైపే చెవి పెట్టారు.

ఎంతసేపు నిలబడ్డా ఏ చప్పుడూ లేదు.

బాగా చేస్తే ఆవిడ ఊరుకునేది కదా. కళ్ళు తుడుచుకుని తాళం వేశాను.