అమావాస్యకు పిలిచిన పిలుపు

తొంభైల చివర్లో, మాదాపూర్ గుట్టల మధ్య అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో, నేను దినపత్రికకు అసెంబ్లీ వార్తలు రాసేవాణ్ని. అప్పట్లో ఖాజాగూడ బండల మీద ఒక కళాశాల వాళ్ల చిన్న టెలిస్కోపు ఉండేది. దాని బాధ్యత చూసే ప్రొఫెసర్‌ది కోస్తా. వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే ఒక మసక నక్షత్రాన్ని ఆయన ఏళ్ల తరబడి కొలుస్తున్నారు. మధ్యలో ఆపితే ఆ వరుస తెగిపోతుంది, మళ్లీ అతకదు. ఆ టెలిస్కోపుకు సర్కారు ఇచ్చే గ్రాంటు ఆపేయాలన్న ప్రతిపాదన, ఖర్చులు పరిశీలించే శాసనసభ్యుల కమిటీ ముందుకు వచ్చింది.

కమిటీలో అందరూ వినేది ఒక ఎమ్మెల్యే మాటే. సర్కారు సొమ్ము విషయంలో చాలా గట్టి మనిషి. సమావేశాలకు టీ కూడా ఇంటి నుంచి ఫ్లాస్కులో తెచ్చుకునేవారు. ప్రొఫెసర్ అడిగితే నేనే ఆయన్ని ఎమ్మెల్యే ఇంటికి తీసుకువెళ్లాను. ఒక్కసారి వచ్చి కళ్లారా చూడమని ప్రొఫెసర్ బతిమాలారు. ఎమ్మెల్యే సరేనని, ఏ రోజని అడిగారు. ఆకాశం చీకటిగా ఉంటేనే నక్షత్రం కనిపిస్తుంది కనుక ప్రొఫెసర్ అమావాస్య రోజు చెప్పారు.

గుమ్మంలో నిలబడ్డ ఎమ్మెల్యే భార్య ముఖం మారిపోయింది. "అమాస పూట గుట్టలెక్కుతవా?" అంది భర్తతో.

"ఇంత చదువుకున్నరు, పిలిచేందుకు ఇంకో రోజు దొరకలేదా సారూ?" అని ఎమ్మెల్యే నవ్వారు. పంచాంగం తెప్పించి తనే పున్నమి ఖాయం చేశారు. కాదంటే అసలుకే రారన్న భయంతో ప్రొఫెసర్ తల ఊపారు.

పున్నమి సాయంత్రం ఎమ్మెల్యే చెప్పిన వేళకే వచ్చారు. వెన్నెలకు బండలన్నీ తెల్లబడ్డాయి. మసక నక్షత్రం ఆ వెలుగులో కలిసిపోయింది. ప్రొఫెసర్ ఎంతో వెతికి, చివరికి టెలిస్కోపును చంద్రుడి వైపు తిప్పారు.

"మంచిగనే ఉన్నది. కానీ చందమామను మా డాబా మీంచి చూస్తనే ఉన్న గద," అన్నారు ఎమ్మెల్యే.

"మేం కొలిచేది దీన్ని కాదండి. అది అమావాస్యకైతే..."

"అమాస నాడు కనబడేదానికి జనం సొమ్ము పెట్టమంటరా? మా తాన బోర్లు ఎండినయి. ట్యాంకరు కాడ ఆడోళ్లు కొట్టుకుంటున్నరు. వాళ్లకు నేనేం చెప్పాలె, మీరే చెప్పుండ్రి."

ప్రొఫెసర్ టెలిస్కోపుకు మూత పెట్టారు.

గ్రాంటు ఆగింది. ఆ వార్త లోపలి పేజీలో నాలుగు లైన్లు నేనే రాశాను. టెలిస్కోపు గదికి తాళం పడ్డాక ఒక సాయంత్రం ప్రొఫెసర్ నాకు ఆకాశంలో ఆ చోటు చూపించారు. ఏమీ కనిపించలేదు. తనకూ కనిపించడం లేదన్నారు. ఇప్పుడు దాని వెలుగు పెరిగిందో తగ్గిందో తెలియదని చెప్పి, బస్సు కోసం నడక మొదలుపెట్టారు.